కొలిమి నుంచి చుట్ట దాకా: మెత్తని ఉక్కు రేకు గుణం ఎక్కడ ఏర్పడుతుంది
(స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆహ్వానపత్రం మీద ఉంది. మేము మాత్రం ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి అనుకోలేదు, మాస్టారు అనేవాళ్లం. ఇవాళా నా నోటికి ఆ మాటే వస్తోంది. ఆయన గుణగణాలు ఏకరువు పెట్టడం కన్నా, ఆయన నాకు నేర్పిన ఒక్క సంగతిని తీరిగ్గా మీతో పంచుకోవడమే ఆయనకు ఇష్టంగా ఉండేదని నమ్ముతున్నాను. ఆ సంగతి, కార్బన్ తక్కువగా ఉన్న ఉక్కు రేకు గురించి. వంటింట్లో గ్యాస్ సిలిండరు, పడకగదిలో బీరువా, స్కూటర్ ట్యాంకు, కారు తలుపు, అన్నీ ఆ రేకే. అందులో కార్బన్ చాలావరకు 0.1 శాతం లోపే, మేలురకాల్లో 0.05 శాతం కూడా ఉండదు.

చదువు పూర్తయిన కొత్తలో నేను గ్యాస్ సిలిండర్లు తయారుచేసే ఒక కర్మాగారంలో చేరాను. మన ఇళ్లకు వచ్చే 14.2 కిలోల సిలిండరు నిజానికి రెండు గిన్నెలు. గుండ్రంగా కోసిన రేకు బిళ్లను ప్రెస్సు కింద పెట్టి లోతైన గిన్నెగా లాగుతారు. అలాంటి రెండింటిని మూతి మూతి కలిపి నడుము దగ్గర వెల్డింగ్ చేస్తారు. ఒక వారం ఆ గిన్నెలు చిరగడం మొదలైంది. అన్నీ కాదు. వరసగా బాగా వస్తూ వస్తూ ఉన్నట్టుండి నాలుగైదు చిరిగేవి. చిరగని వాటిలోనూ కొన్నిటి ఒంటి మీద కమలాపండు తొక్కలాంటి గరుకు తేలేది. రేకు పంపిన మిల్లు వారి టెస్ట్ సర్టిఫికెట్ తీసి చూస్తే కార్బన్, మాంగనీసు, గంధకం, భాస్వరం అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. మేమూ పరీక్ష చేయించాం, అవే అంకెలు వచ్చాయి. చిరిగిన ముక్కా చిరగని ముక్కా ఒకే హీట్‌వి, అంటే ఒకే పోతలో పోసిన ఉక్కు. ప్రెస్సు సెట్టింగులు మార్చాం, నూనె మార్చాం. చిరుగులు ఆగలేదు.

నాలుగు ముక్కలు సంచీలో వేసుకుని మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన సర్టిఫికెట్ వైపు చూడనైనా లేదు. "ఇది కాయిల్ మొదట్లోదా, చివర్లోదా, మధ్యదా? అంచు నుంచి ఎంత దూరం?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "అయితే ఇవి నాకెందుకురా? వెళ్లి గుర్తులు పెట్టుకుని రా" అన్నారు. ఆయన భార్య కాఫీ ఇచ్చేలోపే నన్ను గుమ్మం దాటించారు.

మర్నాటి నుంచి సుద్దముక్క పట్టుకుని ప్రతి బిళ్ల మీదా రాశాను: ఏ కాయిల్, ఎన్నో బిళ్ల, ఏ అంచు. నాలుగు రోజులకు లెక్క తేలింది. చిరిగినవన్నీ అంచు వైపు కోసిన బిళ్లలే. వాటిలోనూ రేకు చివర, అంటే తోక వైపువి ఎక్కువ. మళ్లీ మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. ఈసారి ముక్కలను అద్దంలా పాలిష్ చేయించి, ఆల్కహాలులో రెండు శాతం నత్రికామ్లం కలిపి వాటి మీద తుడిపించి, మైక్రోస్కోపు కింద పెట్టించారు. నడిమి ముక్కలో రేణువులు, అంటే లోహపు స్ఫటికాలు, చిన్నవిగా, ఒకే తీరుగా, కొలిచి అమర్చినట్టు కనిపించాయి. అంచు ముక్కలో పైపొర పొడుగునా పెద్ద పెద్ద రేణువులు, లోపల మాత్రం చిన్నవి. ఒకే ఉక్కు, ఒకే రేకు, రెండు రకాల లోహాలు.

"ఇక్కడ మిల్లులో చల్లబడింది" అన్నారాయన. ఆ మూడు మాటల వెనక ఉన్న శాస్త్రం నాకు పూర్తిగా అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

రేకు పుట్టే దారిని ఒకసారి కలిసి నడుద్దాం. సుమారు 210 మిల్లీమీటర్ల మందం, 1250 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న 20 టన్నుల ఉక్కు దిమ్మ అనుకోండి. మిల్లు భాషలో స్లాబ్. పొడవు పది మీటర్లకు కాస్త తక్కువ. దాన్ని కొలిమిలో 1200 నుంచి 1250 డిగ్రీల దాకా కాచి బయటికి తీస్తారు. ఒంటి మీద పట్టిన పొలుసును గట్టి నీటిధారలతో కొట్టి రాలుస్తారు. ముందు మోటు రోళ్ల మధ్య నలిపి 30, 35 మిల్లీమీటర్లకు తెస్తారు. తర్వాత వరసగా నిలబెట్టిన ఆరో ఏడో ఫినిషింగ్ స్టాండ్లలోకి పంపుతారు. చివరి స్టాండు దాటేసరికి అది 2.5 మిల్లీమీటర్ల రేకు అయితే, పొడవు ఎనిమిది వందల మీటర్లు దాటుతుంది. సెకనుకు పది మీటర్ల వేగంతో దూసుకొస్తూ వంద మీటర్ల పైచిలుకు రన్ అవుట్ టేబుల్ మీద నీటి తెరల కింద చల్లబడి, కాయిలర్ దగ్గర చుట్ట చుట్టుకుంటుంది. నీళ్ల కింద గడిపే సమయం పది సెకన్లు. చుట్టలో మాత్రం పూర్తిగా చల్లారడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఈ దారిలో మూడు ఉష్ణోగ్రతలు గుర్తుంచుకుంటే చాలు: కొలిమిలోంచి తీసినప్పటిది, చివరి స్టాండు దాటినప్పటిది, చుట్ట చుట్టినప్పటిది. ఇంట్లో అరిసెలు చేసేవాళ్లకు పాకం సంగతి తెలుసు. అదే బెల్లం, అవే నీళ్లు. లేతగా దించితే ఒక రకం, ముదరనిస్తే ఇంకో రకం. మాస్టారు ఈ పోలిక చెప్పి, వెంటనే దానిలో లోపం కూడా చెప్పేవారు. పాకంలో నీరు ఇగిరిపోతుంది గనక కూర్పు మారుతుంది, గుణం మారడంలో ఆశ్చర్యం లేదు. ఉక్కులో పైకి పట్టే పొలుసు తప్ప ఏదీ పోదు, ఏదీ చేరదు. రసాయనం ఎక్కడిదక్కడే ఉంటుంది. మారేది లోపలి అణువుల కొలువు. అందుకే రసాయన పరీక్షకు ఆ మార్పు దొరకదు.

వేడిగా ఉన్న ఇనుము అణువులను ఒక తీరులో పేర్చుకుంటుంది, దాన్ని ఆస్టెనైట్ అంటాం. చల్లబడితే ఇంకో తీరులోకి మారుతుంది, అది ఫెర్రైట్. శుద్ధమైన ఇనుములో ఈ మార్పు 912 డిగ్రీల దగ్గర జరుగుతుంది. కార్బన్ కలిసేకొద్దీ ఆ గీత కిందికి జారుతుంది. మనం మాట్లాడుకునే రేకుల్లో, మిల్లులో చల్లబడే వేగానికి, అది ఇంచుమించు 860, 870 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. రోళ్ల పని ఆ గీతకు పైనే పూర్తి కావాలి. ఆస్టెనైట్ రోళ్ల మధ్య నలిగి, వేడికి కొత్త రేణువులు పుట్టించుకుని, మళ్లీ నలిగి, మళ్లీ పుట్టించుకుని సన్నబడుతుంది. ఆ సన్నని ఆస్టెనైట్ నీళ్ల కింద ఫెర్రైట్‌గా మారితే మరింత సన్నని రేణువులు, అంతటా ఒకే తీరుగా వస్తాయి. నేను చూసిన నడిమి ముక్క అదే.

మరి గీత దాటి కిందికి పడిపోతే? అప్పటికే ఫెర్రైట్‌గా మారిన భాగం రోళ్ల మధ్య నలుగుతుంది. కొద్దిగా నలిగిన ఫెర్రైట్‌కు, ఇంకా మిగిలి ఉన్న వేడి తోడైతే, రేణువులు ఒకదాన్నొకటి మింగుతూ పెద్దవవుతాయి. చల్లని రోళ్లు తాకేది పైపొరను గనక ముందు అక్కడే ఈ అనర్థం జరుగుతుంది. ప్రెస్సు కింద లాగినప్పుడు పెద్ద రేణువు ఒక్కొక్కటీ తన ఇష్టం వచ్చిన దిక్కున కదులుతుంది, ఉపరితలం గరుకు తేలుతుంది. పనివాళ్లు ఆరెంజ్ పీల్ అనేది దాన్నే. రేకు అంచు రెండు వైపులా గాలికి తెరుచుకుని ఉంటుంది, నడిమి భాగం కన్నా కొన్ని పదుల డిగ్రీలు చల్లగా నడుస్తుంది. వేడి కొలిచే పైరోమీటర్ చూసేది నడిమి భాగాన్ని. అక్కడ అంకె గీతకు పైన చూపిస్తుంటే ఆపరేటర్ నిశ్చింతగా ఉంటాడు, అంచులో కథ అప్పటికే తప్పుదారి పట్టి ఉంటుంది. ఇక తోక సంగతి. తల స్టాండ్లలోకి దూరాక తోక ఒక నిమిషానికి పైగా బయట తన వంతు కోసం కాచుకుని ఉంటుంది. అంతసేపూ చల్లబడుతూనే ఉంటుంది. నా సుద్ద గుర్తులు చెప్పింది అక్షరాలా ఇదే.

దీనికి ఇంజనీర్లు వెతికిన మందులు నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తాయి. ఒకటి, రోళ్ల వేగాన్ని క్రమంగా పెంచుకుంటూ పోయి తోకకు ఎదురుచూపు తగ్గించడం. రెండోది కెనడాలోని స్టెల్కో కంపెనీ 1970లలో తెచ్చిన కాయిల్ బాక్స్. మోటు రోళ్లు దాటిన పట్టీని అక్కడే చుట్టేసి, తిరగేసి విప్పుతారు. చుట్టలో ఉన్నంతసేపు వేడి పోదు. తోకగా ఉన్నది తలగా మారి ముందు లోపలికి వెళ్తుంది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన ఒక చిక్కు ఉంది. రేకు ఎంత మెత్తగా కావాలంటే కార్బన్ అంత తగ్గించాలి. కార్బన్ తగ్గితే ఆ గీత పైకి పోతుంది, అంటే ఇంకా వేడిగా ఉండగానే రోలింగ్ ముగించాలి. కొనేవాడు ఇంకా పల్చని రేకు కావాలంటాడు. పల్చని రేకు ఇంకా త్వరగా చల్లారుతుంది. మెత్తదనం, పల్చదనం రెండూ మిల్లును ఒకే ఇరుకులోకి నెడతాయి. కొలిమి వేడి పెంచి తప్పించుకుందామంటే పొలుసు రూపంలో లోహం కాలిపోతుంది, ఇంధనం ఖర్చవుతుంది. గీత దాటినప్పుడు మిల్లు కూడా ఒక సంకేతం ఇస్తుంది. చల్లబడేకొద్దీ లోహం గట్టిపడి రోళ్ల మీద బరువు పెరగాలి. కానీ అదే ఉష్ణోగ్రత దగ్గర ఫెర్రైట్ ఆస్టెనైట్ కన్నా మెత్తన. బరువు ఉన్నట్టుండి తగ్గుతుంది, మందం అదుపు తప్పుతుంది. అనుభవం ఉన్న ఆపరేటర్ తెర మీద అంకె కన్నా ముందు ఈ తగ్గుదలను పసిగడతాడు. అలాంటివాళ్లను నేను చూశాను. వాళ్ల జ్ఞానం ఏ పుస్తకంలోకీ ఎక్కకుండా రిటైర్మెంటుతో పాటు ఇంటికి వెళ్లిపోవడం నన్ను బాధపెడుతుంది.

రేణువు పరిమాణం మీద ఇంత పట్టింపు ఎందుకు? 1951లో ఇ. ఓ. హాల్, 1953లో లీడ్స్‌లో ఎన్. జె. పెచ్ వేర్వేరుగా ఒకే సంబంధాన్ని బయటపెట్టారు. లోహం లొంగిపోయే బలం రేణువు వ్యాసపు వర్గమూలానికి విలోమంగా పెరుగుతుంది. లెక్క వేస్తే, మామూలు మెత్తని ఉక్కులో రేణువు 40 మైక్రాన్లు ఉంటే రేణువుల సరిహద్దుల వల్ల వచ్చే బలం సుమారు 87 మెగాపాస్కల్స్. 10 మైక్రాన్లకు తగ్గిస్తే సుమారు 174. ఒక్క గ్రాము మిశ్రమలోహం కలపకుండా ఆ వాటా రెట్టింపయింది. తక్కిన దారుల్లో బలం పెంచితే పెళుసుతనం కూడా పెరుగుతుంది. రేణువు సన్నబడితే బలమూ పెరుగుతుంది, చలిలో పగలకుండా తట్టుకునే గుణమూ పెరుగుతుంది. అలాగని సన్నదనమే పరమార్థం అనుకోకండి. లోతుగా లాగవలసిన రేకు మరీ బలంగా ఉంటే ప్రెస్సుకు లొంగదు. సిలిండరుకు కావలసింది ఒకటి, కారు తలుపుకు కావలసింది ఇంకొకటి. దేనికి ఎంత అన్న నిర్ణయం చాలావరకు మూడో ఉష్ణోగ్రత చేతిలో ఉంది.

ఆ మూడోదాని దగ్గర కాసేపు ఆగుతాను. మాస్టారికి అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే.

అల్యూమినియంతో శుద్ధి చేసిన ఉక్కులో కొంచెం అల్యూమినియం, కొంచెం నత్రజని కరిగి ఉంటాయి. రెండూ కలిస్తే అల్యూమినియం నైట్రైడ్ అనే అతి సూక్ష్మమైన రజను ఏర్పడుతుంది. కొలిమిలో 1200 డిగ్రీలు దాటాక ఆ రజను కరిగిపోతుంది. రోళ్ల మధ్య గడిపే ఆ కొద్ది నిమిషాల్లో మళ్లీ ఏర్పడడానికి దానికి తగిన వ్యవధి దొరకదు. నీళ్ల కింద గట్టిగా చల్లార్చి 560, 580 డిగ్రీల దగ్గర చుట్టేస్తే రెండూ విడివిడిగా కరిగే ఉండిపోతాయి. నీళ్లు తగ్గించి 700 డిగ్రీలకు పైన చుట్టేస్తే, రోజుల తరబడి వేడి నిలిచే ఆ చుట్టలోనే అవి కలిసి ముతక రజనుగా బయటపడతాయి. కార్బైడ్లు కూడా అక్కడే ముతకబడతాయి. చల్లారిన రెండు కాయిళ్లనూ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఎక్కువ వేడిలో చుట్టినదానికి పొలుసు మందం, ఆసిడ్ తొట్టెలో కడగడం కష్టం, అంతే.

ఆ తర్వాత రేకును చల్లగా నలుపుతారు, గట్టిపడినదాన్ని మెత్తబరచడానికి మళ్లీ కాస్తారు. అదే అనీలింగ్. పాత పద్ధతిలో కాయిళ్లను దొంతరగా పేర్చి, గంటలాంటి మూత వేసి, నెమ్మదిగా 700 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. రోజులు పడుతుంది. ఈ పద్ధతికి తక్కువ వేడిలో చుట్టిన కాయిలే కావాలి. ఎందుకంటే, నెమ్మదిగా వేడెక్కుతున్నప్పుడు కరిగి ఉన్న అల్యూమినియం, నత్రజని ఒకదాన్నొకటి వెతుక్కుంటూ, కొత్త రేణువులు పుట్టడానికి ముందే రజనుగా మారి వాటికి అడ్డుపడతాయి. ఆ అడ్డు దాటుకుని వచ్చే రేణువులు అట్టుల్లా చదునుగా, లోతుగా లాగడానికి అనువైన దిక్కుకు తిరిగి పుడతాయి. రేకు పల్చబడకుండా సాగే గుణాన్ని లాంక్‌ఫోర్డ్ సంఖ్యతో కొలుస్తాం. వేడిగా నలిపిన రేకులో అది ఒకటికి అటూ ఇటూ ఉంటే, ఈ దారిన వచ్చిన రేకులో 1.6 పైకి పోతుంది.

1972లో జపాన్‌లోని కిమిత్సులో నిప్పన్ స్టీల్ కొత్త లైను నడిపింది. కాయిల్‌ను విప్పి, రేకును పరుగెత్తిస్తూ నిమిషాల్లో అనీలింగ్ ముగించే పద్ధతి అది. ఆ నిమిషాల్లో అల్యూమినియం, నత్రజని ఒకదాన్నొకటి వెతుక్కునే తీరిక ఉండదు. అందుకని ఆ పని ముందే, చుట్టలోనే ముగిసి ఉండాలి. అంటే ఈ పద్ధతికి ఎక్కువ వేడిలో చుట్టిన కాయిలే కావాలి! అదే స్లాబ్, అదే రసాయనం. ఒక అనీలింగ్‌కు మేలు చేసే చుట్ట ఉష్ణోగ్రత ఇంకొకదానికి కీడు చేస్తుంది. ఈ మాట చెప్పాక మాస్టారు తరగతిలో కాసేపు మౌనంగా ఉండేవారు. మేం రాసుకోవడం ఆపి తలెత్తేదాకా.

ఎక్కువ వేడిలో చుట్టడంలోనూ తల, తోకల బెడద తప్పదు. లోపలి చుట్లు, రేకు చుట్టుకునే చల్లని ఇరుసుకు, అంటే మాండ్రెల్‌కు, బయటి చుట్లు గాలికి తగిలి త్వరగా చల్లారతాయి, రజను సరిగా ఏర్పడదు. అందుకని తలకూ తోకకూ నీళ్లు తగ్గించి, నడిమి భాగం కన్నా వేడిగా చుట్టిస్తారు. రేకు పొడుగునా ఉష్ణోగ్రత గీస్తే ఇంగ్లిషు 'యు' అక్షరంలా ఉంటుంది. చుట్టలో ఒక్కో మీటరు ఎలా చల్లారబోతుందో ముందే ఊహించి ఎవరో కూర్చుని ఆ గీత గీశారు. అది చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

మన నేలకు ఈ విద్యతో చుట్టరికం ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు మూసల్లో కాచిన ఉక్కు పర్షియా దాకా వెళ్లింది. అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండేది, మన రేకుకు పూర్తిగా అవతలి ఒడ్డు. ఐరోపా కమ్మరులు దాన్ని తమకు అలవాటైన తెల్లని వేడి మీద కొడితే పెళ్లలుగా విరిగింది. తూర్పు దేశపు కత్తి పనివాళ్లు తక్కువ ఎరుపు మీద ఓపికగా కొట్టి సాగదీశారు. ఏ వేడిలో దెబ్బ వేయాలన్నది తెలియడమే ఆ పనిలో సగం. ఇక మన రోజుల్లో, వెడల్పాటి రేకు మిల్లు మన దేశంలో ముందు రూర్కెలాలో జర్మన్ల సహకారంతో, తర్వాత బొకారోలో సోవియట్ సహకారంతో వచ్చింది. బళ్లారి పక్కన తోరణగల్లులోనూ ఇప్పుడు ఉంది. విశాఖలో రేకు చుట్టరు. అక్కడ వచ్చేది కడ్డీలు, తీగ, యాంగిళ్ల వంటి పొడుగు సరుకు. కానీ విశాఖ కడ్డీ కూడా ఇదే పాఠం చెబుతుంది. రోళ్లు దాటిన కడ్డీ పైపొరను నీళ్లతో ఒక్కసారిగా చల్లార్చి, లోపలి వేడితోనే ఆ పొరను మళ్లీ మెత్తబరుస్తారు. మీ ఇంటి స్లాబులో ఉన్న కడ్డీ బలంలో పెద్ద వాటా ఆ కొద్ది సెకన్లది.

నా సిలిండర్ల కథ ముగింపు చెప్పాలి. మైక్రోస్కోపు చిత్రాలతో, సుద్ద లెక్కలతో మిల్లు వారికి ఉత్తరం రాశాం. వాళ్లు ముందు ఒప్పుకోలేదు, సర్టిఫికెట్ చూడమన్నారు. మాస్టారు రెండో ఉత్తరం తానే రాశారు. అందులో ఫిర్యాదు లేదు, ఒకే ప్రశ్న ఉంది: ఈ కాయిళ్లు చివరి స్టాండు దాటినప్పుడు అంచు ఉష్ణోగ్రత ఎంత? కొన్ని వారాల తర్వాత వచ్చిన కాయిళ్లలో చిరుగులు దాదాపు ఆగిపోయాయి. జవాబు మాత్రం రాలేదు.

అందుకే ఇవాళ ఈ వేదిక మీద, కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ ఒకటే కోరుతున్నాను. టెస్ట్ సర్టిఫికెట్‌లో కార్బన్, మాంగనీసు గళ్ల పక్కన ఇంకో రెండు గళ్లు అచ్చు వేయండి. రోలింగ్ ముగిసినప్పటి ఉష్ణోగ్రత ఒకటి, చుట్టినప్పటి ఉష్ణోగ్రత ఒకటి. ఆ అంకెలు మిల్లు కంప్యూటర్లలో ప్రతి కాయిల్‌కూ, మీటరు మీటరుకూ నిలవ ఉంటాయి. కొత్తగా కొలవవలసింది ఏమీ లేదు. చిన్న ప్రెస్సు షాపు నడుపుకునే మనిషికి ఆ రెండు అంకెలు తెలిస్తే, చిరిగిన గిన్నె ముందు నిలబడి తన పనివాణ్ణి తిట్టే అవసరం చాలాసార్లు ఉండదు. విద్యార్థులకు ఇంకో మాట. ముక్క చేతికి రాగానే ప్రయోగశాలకు పరిగెత్తకండి. అది ఎక్కడ నుంచి కోశారో ముందు రాసుకోండి.

బయట వరండాలో బల్ల మీద మాస్టారి పాత మైక్రోస్కోపు పెట్టించాను. ఆయన కుమార్తె ఇన్నాళ్లూ జాగ్రత్తగా దాచి ఇచ్చారు. పక్కన రెండు నమూనాలు ఉన్నాయి, ఆ వారంలో నేను సుద్దతో గుర్తు పెట్టిన బిళ్లల్లోంచి కోసినవే. మళ్లీ పాలిష్ చేసి, నిన్న సాయంత్రం ఆమ్లం తుడిచి తెచ్చాను. ఏది నడిమిదో, ఏది అంచుదో చీటీ అంటించలేదు. వెళ్లేముందు ఒక్కసారి చూసి వెళ్లండి.